విన్సెంట్ కింద పడిన రోజు

మా తమ్ముడు విన్సెంట్‌కి కింద పడడం రాదు. నవ్వకండి. మదనపల్లెలో వాడు ఫుట్‌బాల్ నేర్చుకున్న మైదానమంతా గరుసునేల. జారితే మోకాలి చర్మం అక్కడే ఉండిపోతుంది. అందుకే మా ఊరి పిల్లలంతా నిలబడే ఆడతారు. నేను ఆస్పత్రిలో నర్సుని. వాడి మోకాళ్లకు మందు పూసిందీ నేనే, వీపు మీద నాలుగు వేసిందీ నేనే.

అలా నిలబడే జిల్లాలో ఎవడినీ గోల్ దాకా పోనివ్వలేదు. బెంగళూరు క్లబ్బువాళ్లు చూసి ఎగరేసుకుపోయారు. మా వీధంతా కేకు పంచాం. తీరా అక్కడంతా పచ్చగడ్డి. కుర్రాళ్లు జారుతూ వచ్చి, కాలు అడ్డం పెట్టి బంతి లాక్కుంటారు. వీడేమో బొమ్మలా నిలబడతాడు. కోచ్ పిరికివాడన్నాడట. నా తమ్ముడినా! ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు వాడు ఫోన్ చేశాడు.

"కుప్పంలో మ్యాచ్ ఉండాదక్కా. ఇదే ఆఖరు అవకాశమంట. ఆడలేకపోతే నీతోనే బస్సెక్కి ఇంటికొచ్చేస్తా."

సెలవు పెట్టి, దూదీ మందూ సంచిలో వేసుకుని, పుంగనూరు మీదుగా కుప్పం చేరాను.

రెండో సగంలో వాడిని ఆటలోకి దింపారు. అవతలి కుర్రాడు బంతితో దూసుకొచ్చాడు. వీడు వెంటబడి ఆ కుర్రాడిని అందుకున్నాడు, కానీ కింద పడి జారలేదు. గోల్ అయిపోయింది. కోచ్ తల పట్టుకున్నాడు. నేను కూర్చున్నచోట గడ్డి మీద చెయ్యి పెట్టి చూశాను. ముందురోజు వానకు పరుపులా ఉంది. ప్రభువా, దీని మీద పడడానికా వీడికి భయం!

ఆ కుర్రాడే మళ్లీ వస్తున్నాడు. నేను మైదానం గీత దాకా పరుగెత్తాను.

"ఒరే విన్సెంటూ, పడరా! ఇది మన గరుసు కాదురా, గడ్డి! దెబ్బ తగిల్తే నేనుండాను కదరా!"

జనం పగలబడి నవ్వారు. నవ్వనీ. వాడు కళ్లు గట్టిగా మూసుకుని పడ్డాడు. సర్రున జారిపోయి బంతిని గీత అవతలికి తన్నాడు. ఇంక చూడాలి, పడడమే పడడం.

మ్యాచ్ ఓడిపోయారు. అయినా కోచ్ వాడి భుజం తట్టి, సాయంత్రం బెంగళూరు రైలుకి తయారుగా ఉండమన్నాడు. వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నేను అలవాటుకొద్దీ దూది తీశాను.

"సూడక్కా," అని మోకాళ్లు చూపించాడు. "రక్తం రాలేదు. పచ్చగయినాయి, అంతే."

ఆ దూదితో నా కళ్లే తుడుచుకోవాల్సి వచ్చింది.