తడిగుడ్డ

బకెట్లో ముంచిన పాత తువ్వాలును పిండి, ఎర్రకారు బానెట్ మీద పరిచి, నాలుగు మూలలూ అరచేతులతో అదిమాడు బాబాయి. గుడ్డ కాసేపట్లోనే వెచ్చబడింది. తీసి మళ్ళీ ముంచాడు, మళ్ళీ పరిచాడు. ఇంకా తెల్లగా తెల్లవారలేదు. తలుపుల్లేని ఆ షెడ్డులో ఇందాకటి నీలిపొగ వాసన ఇంకా వదల్లేదు.

పాతకార్లు అమ్మే ఆ యార్డులో యజమాని దగ్గర్నుంచి కాపలావాడి దాకా ఆయన్ని అందరూ బాబాయనే పిలుస్తారు. అసలు ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. పూర్వం ఒక పెద్దింట్లో డ్రైవరు. వాళ్ళు కారు అమ్మేసినప్పుడు దాన్ని ఈ యార్డులో అప్పజెప్పడానికి వచ్చాడు. కారు వారంలో అమ్ముడుపోయింది. ఆయన ఇక్కడే ఉండిపోయాడు. కారుతో పాటు ఉచితంగా వచ్చిన సామాను అని యజమాని వాళ్ళ నాన్న అనేవాడు, ఈయన కూడా నవ్వేవాడు.

ఆయన పని చెప్పుకుంటే చాలా చిన్నది. జబ్బు చేసిన ఇంజన్ల గుట్టు చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేస్తేనే నీలిపొగగా బయటపడుతుంది. అందుకని గేటు తీయకముందే వచ్చి వాటిని స్టార్టు చేసి, పొగ ఆగేదాకా నడవనిచ్చి ఆపాలి. అయితే కొనేవాళ్ళు కూడా ఈమధ్య తెలివిమీరారు. రాగానే బానెట్ మీద చెయ్యి వేసి చూస్తున్నారు. వెచ్చగా ఉంటే మారుమాట లేకుండా వెళ్ళిపోతున్నారు. దానికి విరుగుడే ఈ తువ్వాలు. తడిగుడ్డతో గొంతులు కోయడం అంటే వినడమే గాని, చూడాలంటే మా బాబాయిని చూడాలి అని యజమాని మెచ్చుకునేవాడు.

ఈ ఎర్రకారు మాత్రం ఆయన గొంతే కోసింది.

మామూలు కార్ల ధర వయసుతో పాటు జుట్టు రాలినట్టు ఏటా రాలుతుంది. ఈ టర్బో స్పోర్ట్సు కార్ల దారి వేరు. ముందు ధర గబగబా పడిపోతుంది. కుర్రవాళ్ళ చేతుల్లో పడి చాలావరకు పాడవుతాయి. పాడవకుండా మిగిలిన ఏ నాలుగు బళ్ళో ఏళ్ళు గడిచాక మళ్ళీ బంగారమైపోతాయి. ఆ ఆశతోనే యజమాని దీన్ని కొనాలనుకున్నాడు, చూసి చెప్పమని బాబాయిని తీసుకెళ్ళాడు. బాబాయి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. స్టార్టు చేశాడు. పొగ లేదు. మంచి బండి అన్నాడు. మర్నాడు పొద్దున్న ఇదే షెడ్డులో తాళం తిప్పితే ఎదురుగా గోడ కనబడనంత నీలిపొగ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న ఆ బానెట్ అంచున ఒక నీటిబొట్టు ఉంది. మంచు అనుకున్నాడు. తువ్వాలు తన ఒక్కడి దగ్గరే ఉంటుందనుకున్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎవరితో చెప్పుకోగలడు? ఆనాటి నుంచి రోజూ అందరికంటే ముందు వచ్చి దాని పొగ తనే వదిలిస్తున్నాడు. బండి మాత్రం అమ్ముడుపోలేదు. కొత్తలో ఆ మోడల్ని పొగరుబోతు అని ముద్దుగా పిలిచిన బ్రోకర్లే, అలాంటివి ఒకటొకటే చెడిపోతుంటే, ఒక అక్షరం తీసేసి పొగబోతు అనడం మొదలుపెట్టారు. పేరు పోయాక ధర నిలబడుతుందా? యజమాని నిన్న సాయంత్రం నవ్వుతూనే అన్నాడు.

"నీ మాట మీద కొన్నాను బాబాయ్. రేపు దీన్ని చూడ్డానికి ఆ డ్రాయింగు మాస్టారు వస్తున్నాడు. అదన్నా పోవాలి, నువ్వన్నా పోవాలి."

ఆ నవ్వులో నవ్వు లేదని బాబాయికి తెలుసు. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? మూడో అంతస్తులో ఒక్క గది. చొక్కాలకు బొత్తాలు కుట్టి ఇచ్చే భార్య, చూపు తగ్గి, ఎర్రదారానికి బదులు నల్లదారం ఎక్కిస్తోంది. ఆయన మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ గోడ పట్టుకుని ఆగుతున్నాడు. అడిగితే గ్యాసు అంటాడు. పొద్దున్న లేచాక మంచం అంచున కూర్చుంటే గాని ఊపిరి కుదుటపడదు. ఇంజను వేడెక్కిందా, ఇక బయల్దేరతారా అని ఆమె రోజూ ఆటపట్టిస్తుంది. ఇవాళ ఆ మాట అనలేదు.

"ఇవాళ్టికి మానేయకూడదుటండీ?" అంది.

"ఇవాళ మానితే ఇక రోజూ మానడమే," అని చెప్పులు వేసుకున్నాడు.

పొద్దెక్కాక మాస్టారు భార్యతో కలిసి వచ్చాడు. నడివయసు మనిషి. వేలిగోళ్ళ సందుల్లో రంగులు. చిన్నప్పుడు నోటుపుస్తకాల అట్టల మీద ఈ కారు బొమ్మే వేసేవాడట. దాని చుట్టూ తిరుగుతూ, దీపాల గాజు మీద వేలితో గీత గీస్తూ, తను వేసిన వంపు సరైనదో కాదో ఇప్పుడు సరిచూసుకుంటున్నట్టున్నాడు. ఆవిడకు ఆ మురిపెం లేదు. వెనక సీట్లో మా అత్తగారు పడతారా అని అడిగింది. పడతారు గాని లేవలేరమ్మా అన్నాడు బాబాయి. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే మాస్టారు బానెట్ మీద చెయ్యి వేశాడు. చల్లగా తగిలేసరికి ఆ మొహంలో కనబడిన నమ్మకం చూసి బాబాయి తల తిప్పుకున్నాడు. ఆ రోజు తన మొహమూ అలాగే ఉండి ఉంటుంది.

ఆవిడ నీడన కూర్చుంది. మాస్టారు నడిపాడు, బాబాయి పక్కన కూర్చున్నాడు. ఎత్తు రోడ్డు మీద టర్బో అందుకుని వీపులు సీట్లకు అతుక్కుపోగానే మాస్టారు చిన్నపిల్లాడిలా తనలో తనే నవ్వుకున్నాడు. తిరిగి షెడ్డు ముందుకు వచ్చి తాళం మీద చెయ్యి వేయబోతే బాబాయి ఆపాడు.

"అప్పుడే ఆపకండి. బండి ఆగినా లోపల టర్బో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. టక్కున ఆపేస్తే నూనె అందక మాడిపోతుంది. కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి."

ఇద్దరూ కూర్చున్నారు. ఇంజను సన్నగా గునుస్తోంది. ఆ కాస్త సేపట్లో మాస్టారు ఆయనవైపు తిరిగాడు.

"నాకు బళ్ళ సంగతి తెలీదు పెద్దాయనా. ఇంత కోరిక జీవితంలో ఇంకోటి లేదు, అందుకే భయంగా ఉంది. మీరైతే కొంటారా?"

బాబాయికి బొత్తాల డబ్బా గుర్తొచ్చింది. మూడో అంతస్తు గుర్తొచ్చింది. ఎదురుగా రేకుల నీడన నిలబడి ఇటే చూస్తున్న యజమాని కనబడ్డాడు. ఎన్ని వందలమందికి తల ఊపాడో, ఇవాళ ఆ తల ఎంత ఊపుదామన్నా ఊగలేదు.

"రేపు రండి," అన్నాడు. "పొద్దున్నే. నేను రాకముందు."

"మీరు రాకముందెందుకు?"

"వచ్చి మీరే స్టార్టు చేసుకుని చూడండి."

మాస్టారుకు పూర్తిగా అర్థం కాలేదు. అయినా రేపు చెబుతానని యజమానితో అని, భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. ఏం చెప్పావని యజమాని అడిగాడు. బాబాయి వెళ్ళి బకెట్లోంచి తువ్వాలు అందుకున్నాడు. అదే జవాబైంది. యజమాని గొంతు కూడా పెంచలేదు. మిగిలిన బళ్ళు తుడిచేసి, సాయంత్రం ఎర్రకారును లోపల పెట్టి వెళ్ళమన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు.

నిజం చెబితే గుండె తేలికపడుతుందంటారు. ఆయనకు పడలేదు. బళ్ళన్నీ తుడిచి, తువ్వాలు పిండి బకెట్ అంచు మీద వేసేసరికి పొద్దు వాలింది. ఎర్రకారును ఒక చుట్టు తిప్పి షెడ్డులోకి తెచ్చి నిలిపాడు. ఆపకుండా కూర్చున్నాడు. ఇంటికెళ్ళి ఏమని చెప్పాలి? ఇన్నాళ్ళ అబద్ధానికి ఎవరూ ఏమీ అనలేదు, ఒక్క మాటకే అన్నం పోయింది. ఆ ఒక్క మాటైనా సూటిగా చెప్పలేకపోయాడు. ఏడుపు రాలేదు గాని, ఆ మెట్లు తలుచుకుంటే ఏడవాలనిపించింది. ఎడమ భుజంలో మొదలైన నొప్పి దవడ దాకా పాకింది. చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. ఇంకా వేళ కాలేదని అక్కడే ఆగింది.

బండి నిలిపాక కాసేపు అలా కూర్చోవడం ఆయనకు అలవాటే గనక ఎవరూ పట్టించుకోలేదు. గేటు వేయడానికి వచ్చిన కాపలావాడు ఇంజను ఇంకా నడుస్తోందేమిటని తొంగిచూశాడు. తాళం తిప్పింది అతనే.

యజమాని వచ్చి కారు తలుపు తీసి చూశాడు. నిన్న తను అన్న మాట గుర్తొచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు.

"బండిలో పోయాడని ఎక్కడా అనకు," అన్నాడు కాపలావాడితో. "ఇప్పటికే దాని పేరు అంతంత మాత్రం."

ఇద్దరూ ఆయన్ని మోసి ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చోబెట్టారు. భార్యకు అలాగే చెప్పారు. కూర్చునే పోయారా అని ఆమె అడిగింది. కూర్చునే అన్నారు.

మర్నాడు యార్డు గేటు తీస్తుండగానే డ్రాయింగు మాస్టారు వచ్చాడు. కాపలావాణ్ణి బతిమాలి తాళం తీసుకున్నాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. స్టార్టు చేశాడు. నీలిపొగ షెడ్డంతా కమ్మేసింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, అయినా టక్కున ఆపకుండా, పెద్దాయన చెప్పినట్టే కాసేపు కూర్చుని అప్పుడు ఆపాడు. దిగి, బాబాయి ఏరని అడిగాడు.

"పోయారండి. నిన్న సాయంత్రం," అన్నాడు కాపలావాడు. "ఆ కుర్చీలో."

మాస్టారు కుర్చీ వైపు చూశాడు. దాని పక్కన బకెట్ అంచు మీద పాత తువ్వాలు ఎండి కట్టెలా బిగుసుకుపోయి ఉంది, ఆయన చేతులు పిండిన మెలికలు పిండినట్టే ఉన్నాయి.