దీపాల యాళ్ల వేసిన ట్యూబులైటు

పింకీ, ఆ ఫోను పక్కకు పెట్టి జర నా దగ్గరికి జరుగు. మీ అక్క రేఖ నాతోని ఎందుకు మాట్లాడతలేదో నేనే చెప్త.

గచ్చిబౌలిల ఒక ఫొటో స్టూడియోవాళ్లు దాన్ని పనికి చూస్తమన్నరు. ముందుగాల ఇంట్లనే, ఒక్క వెలుగుతోని, ఒక మనిషి ముఖం ఫొటో తీసి సాయంత్రం ఆరులోపల పంపాలన్నరట. ఈ పని దొరికితే కాల్ సెంటర్ రాత్రి డ్యూటీ మానేస్తనని ఎంత ఆశ పడ్డది. మనిషంటే ఇంట్ల నేనే ఉంటి.

నిన్న నాలుగింటికి బోరబండ స్టేషన్ దిక్కున్న కిటికీ పక్కన నన్ను స్టూలు మీద కూసోబెట్టింది. ఇంకో పక్క, వినాయకుని మండపంల మిగిలిన తెల్ల థర్మకోల్ అట్ట నిలబెట్టింది. కిటికీ వెలుగు దానికి తగిలి నా చీకటి చెంప మీద పడ్తదట. ఫొటో అన్నదని నేను ముఖానికి గూడ కొబ్బరినూనె రాసుకున్న. "నుదురు అద్దం లెక్క మెరుస్తున్నది నానమ్మా" అని మూడుసార్లు తుడిచింది. అందులనే అర్ధగంట పాయె.

"నా పెండ్లికి రెండు పెద్ద లైట్లు పెట్టి తీసిండ్రు, ముఖమంత తెల్లగొచ్చింది. ఇదేందే, సగం చీకట్ల?"

"నీ ముడతలు కనబడాలె నానమ్మా. అదే అందం."

"ఆ అందమేందో నీ ముఖానికే పెట్టుకో."

ఇంకో గంట మెడ అటు తిప్పు, ఇటు తిప్పు. ఐదున్నరకు నేను లేచి ట్యూబులైటు వేసిన. దీపాల యాళ్లకు ఇల్లు చీకటుండొద్దని మా అత్త నేర్పిన అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. అది బంద్ చేసింది. నేను మల్ల వేసిన. గిట్ల నాలుగుసార్లు.

"ట్యూబులైటు పడితే ముఖం సపాటయితది నానమ్మా. నీకంటే మా మేనేజరే నయం."

"అయితే ఆయన్నే తెచ్చి కూసోబెట్టు."

ఇద్దరం పంతానికి పోయినం. అంతల కిటికీల వెలుగు ఒడిసింది. ఇగ చేసేదేం లేక, ట్యూబులైటు కిందనే తీసి పంపింది. నేను రేషన్ కార్డుల ఫొటో లెక్కున్న.

అప్పుడు వంటింట్లకు పోయి చూస్తి. ఆడ దేవుని గూట్ల దీపం వెలుగుతనే ఉన్నది. కూసున్నంక లేవనియ్యదని నాలుగింటికే ముట్టించి, మరిచిపోయిన. ఇల్లు చీకటే లేదు బిడ్డా. పొల్లను ఉత్తగనే పరేషాన్ చేసిన.

పొద్దుగాల జవాబొచ్చింది. వెలుగు మీద పట్టు రాలేదు, నెల తర్వాత ఇంకొకటి పంపుమన్నరు. అది చదివి, చాయ గూడ తాగకుండ పండుకున్నది.

దాని ముందట నాకు నోరు రాదు. ఈ మాటలన్ని యాది పెట్టుకొని, అది లేవంగనే నువ్వే చెప్పు. దీపం సంగతి, నూనె సంగతి, ఏదీ దాచకు. అట్టను అటక మీద పెట్టిన, పారెయ్యలేదని గూడ చెప్పు.