వెల్డింగు వేసిన పంజా

బేరింగు లాగే పుల్లర్ పంజా ఫట్‌మని విరిగి గోబర్ధన్ ఛాతీలో దిగబడింది. దానికి ఒత్తిడినిచ్చే చేతిపంపు కొడుతున్న ఝుమురి కళ్ళముందే అతడు కుప్పకూలాడు. డంపర్ చక్రంలో బేరింగు బిగుసుకుపోయి కదలకపోతే, "కొట్టవే, ఇంకా కొట్టు" అని అరిచింది కాంట్రాక్టరు రౌత్ బాబే. శవాన్ని జీపు ఎక్కించకముందే మాట మార్చాడు.

"ఎదురుగా నిలబడొద్దని తెలీదా? తప్పు వాడిదే!"

మర్నాడు ఆ పంజాకే వెల్డింగు వేయించి తెచ్చాడు. దాన్ని బిగించవలసిన వంతు ఝుమురి మొగుడు బుధురామ్‌ది. జోడా కొండమీది ఈ ఇనుప గని ఎందరిని మింగిందో ఆమెకు తెలుసు. పొద్దున అతడు తలవంచుకుని పఖాళ చద్దన్నం తింటుంటే, ఆ మెడ వంకే చూస్తూ తాను ముద్ద ముట్టలేదు.

"ఇది అతుకు పెడితే ఆగే ఉక్కు కాదు బాబూ. కొత్తది తెప్పించండి. ముక్కలు ఎగరకుండా పైన కప్పడానికి గొలుసు వల ఇప్పించండి," అన్నాడు బుధురామ్.

"ఓహో, ఇంజినీరు గారు! ఇష్టం లేకపోతే ఆలుమగలిద్దరూ బయటికి నడవండి."

"ఊరుకోరా, పని పోతే తినేదేంటి?" గొణిగాడు ముసలి ఘాసీ.

"నిన్న గోబర్ధనూ ఇట్లాగే ఊరుకున్నాడు మామా!" ఎవరో గయ్యిమన్నారు.

బుధురామ్ పంజా బిగించాడు. భయంతోనే ఝుమురి పంపు కొట్టింది. ఒత్తిడి చూపే ముల్లు పైకి లేచింది. పంజా కిర్రుమంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. వాల్వు తిప్పేసింది. ఒత్తిడి మొత్తం దిగిపోయింది.

"అంత గట్టిదైతే నువ్వే వచ్చి ఎదురుగా నిలబడు బాబూ. నీ మొహం చూస్తూ కొడతా."

"నిలబడు బాబూ! నిలబడు!" షెడ్డంతా అందుకుంది.

రౌత్ బాబు నోరు తెరిచాడు గానీ, కాళ్ళు ఆగలేదు. వెనక్కి వెనక్కి నడిచి టైరు చాటుకు చేరాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చూస్తుండగానే కేకలైంది.

"నీ ఛాతీ మాంసం, మా ఛాతీలు ఇనుమా?"

అందరికంటే ముందు పానా నేలకేసి కొట్టింది ముసలి ఘాసీయే. షెడ్డులో ఒక్క యంత్రమూ మోగలేదు.

రౌత్ బాబు పిలిపించిన పోలీసులొచ్చి ఝుమురి రెక్క పట్టుకున్నారు. అడ్డం వెళ్ళిన బుధురామ్‌ను లాఠీతో నెట్టేశారు. జీపులోంచి ఆమె అరిచింది: "కొత్త పంజా వచ్చేదాకా చక్రం ముట్టకండి!"

జీపు గేటు దాటలేకపోయింది. రెండో షిఫ్టువాళ్ళు లోపలికి రాలేదు; దాని ముందు రోడ్డంతా నిండి కూర్చున్నారు.