మొదటి పేజీలో ఎవరి ఫోటో?

మీరే చేశారు. ఆ వెబ్‌సైట్‌ని పైనుంచి కిందికి ఈడ్చి పారేసింది మీరే. మొగుడుగారూ, మామగారూ, లోకంలో కంప్యూటర్లన్నీ తన చేతుల మీదుగానే పుట్టినట్టు మాట్లాడే ఆ స్నేహితుడుగారూ! నింద మాత్రం తీసుకెళ్ళి, వాషింగ్ మెషిన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో వేలు దూర్చి మీ అందరి వెంట్రుకలూ జిడ్డూ లాగుతున్న మనిషి మీద వేశారు. సిగ్గుండాలి.

ఆ పొద్దున ఆమె చేస్తున్న పని అదే. షాపుకి వెళ్ళిన భర్త అంతలోనే తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆమె వెనక నిలబడ్డాడు.

"ఏం చేశావు సైట్‌ని?"

"నేనేం చేశాను?"

"నెట్‌లో వాషింగ్ మెషిన్ రిపేర్ అని వెతికితే మన షాపు ఎక్కడా లేదట. ఎవడెవడివో వస్తున్నాయట. పాత కస్టమరు చెప్పాడు. ఫోను మోగడం లేదేంట్రా దేవుడా అనుకుంటున్నా, ఇదా సంగతి!"

ముందుగదిలోంచి మామగారు కేకేశారు. "లేకపోవడమేంట్రా? నాకు ఫస్టే కనబడుతుంటే! ఇప్పుడే నొక్కాను కూడా."

ఆ ఇంట్లో పళ్ళు తోముకోవడం మానేసినా మానేస్తారు గానీ ఈ నొక్కుడు మానరు. పొద్దున్నే మామగారు కళ్ళజోడు పెట్టుకుని, రిపేర్ షాపు కోసం వెతికి, తమ సైట్‌ని తెరిచి, మూసి, "అయింది" అంటారు. ఆ తర్వాత అత్తగారి ఫోనులో కూడా ఆయనే నొక్కుతారు. చుట్టాల గ్రూపులో "మన సైట్ నొక్కారా?" అని పెడతారు. పెదనాన్న కొడుకులు, పిన్ని అల్లుళ్ళు, అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు. ఏ ఫోనులో ఏది రోజూ తెరుస్తామో ఆ ఫోను దాన్నే ముందు పెడుతుందని, ఊరి వాళ్ళ ఫోనుకి మామగారి బొటనవేలితో పని లేదని ఆమె చెప్పింది. ఎప్పుడో చెప్పింది.

"అంటే నేను ఇన్నాళ్ళూ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరా అమ్మా?" అన్నారాయన అప్పట్లో, ముఖం మాడ్చుకుని.

"పెద్దాయన పాపం మెడలు పట్టేసేలా చేస్తుంటే, చేసే సాయం నీకు కనబడదు," అంది అత్తగారు.

అదీ సంగతి. వేలితో నొక్కడం సాయం. ఆమె రాయడం మాత్రం కాలక్షేపం! "ఖాళీగా ఉన్నప్పుడు సైట్‌లోకి నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు మొదట్లో భర్త. ఆ ఖాళీ ఏదో ఆమె ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. కుక్కరు కూతకీ కూతకీ మధ్యన రాసింది. మధ్యాహ్నం షాపు కౌంటరు దగ్గర కూర్చుని, "ఓనరుగారు లేరామ్మా?" అని లోపలికి తొంగిచూసే వాళ్ళకి సమాధానం చెబుతూ రాసింది. భర్తకి మోటారు తెలుసు, బెల్టు తెలుసు. ఇంట్లో ఆడది ఏ బాధతో ఫోను తీసి వెతుకుతుందో ఆయనకేం తెలుసు? మెషిన్ చెడిపోయిందని ఎవరూ వెతకరు. ఉతికిన బట్టలు కుళ్ళు వాసన వేస్తున్నాయేమిటని వెతుకుతారు, మొగుడు తెల్లచొక్కా ముఖం మీద విసిరేశాక. మెషిన్ పాప మేజోడుని మింగేసిందేమిటని వెతుకుతారు. కింద ఇంటివాళ్ళు తలుపు బాది తిట్టిపోయాక, మెషిన్ ఇంతలా ఎందుకు ఊగుతోందని వెతుకుతారు. ఆమె ఒక్కో బాధకీ ఒక్కో పేజీ రాసింది. వాళ్ళు వెతికే మాటల్లోనే రాసింది. జనం వచ్చారు, చదివారు, చివర ఉన్న నంబరుకి ఫోను చేశారు. సైట్ పైకొచ్చింది.

ప్రతి పేజీ పక్కనా స్పానరు పట్టుకుని నవ్వుతున్న భర్త ఫోటో. "రాసినవారు" అని దాని కింద.

పైకొచ్చిన రోజు ఆయన చుట్టాల గ్రూపులో "మా నాన్నగారి పట్టుదల, మీ అందరి నొక్కుళ్ళ వల్లే ఈ విజయం" అని పెట్టాడు. ఆమె కూడా చప్పట్ల బొమ్మ పెట్టింది. ఆ చేతులు విరిగిపోనూ అని తర్వాత తనని తానే తిట్టుకుంది గానీ, పెట్టడం మాత్రం పెట్టింది.

ఇప్పుడు ఆమె చేతులు కడుక్కోకుండానే వెళ్ళి కంప్యూటరు తెరిచింది. వాసన పేజీ లేదు. మేజోడు పేజీ లేదు. ఊగే మెషిన్ పేజీ లేదు. ఒకటే పేజీ ఉంది. అందులో రిపేర్, మంచి రిపేర్, చవక రిపేర్, దగ్గర్లో రిపేర్, రిపేర్ కావాలా రిపేర్, ఇదే గోల. మతి తప్పినవాడు తలుపు బాదినట్టుంది.

"నా పేజీలేవి?"

భర్త గోడకేసి చూశాడు. "మా కంప్యూటర్ల ఫ్రెండు తీసెయ్యమన్నాడు. వెంట్రుకలు, వాసన, మేజోళ్ళు, ఏంట్రా ఈ ఆడాళ్ళ సోది, ఇది రిపేర్ షాపా వంటిల్లా అన్నాడు. రిపేర్ అనే మాట ఎన్నిసార్లుంటే అంత పైకొస్తుందట."

"నన్నొక్క మాట అడిగారా?"

"నిన్నడిగేదేముంది? నా షాపు సైటే కదా."

ఆమె లేచింది. వంటింట్లోకి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో తెలియక వెనక్కి వచ్చింది. పడగ్గదిలో దుప్పటి మడత పెట్టబోయి వదిలేసింది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఏడుపు రాలేదు. ఇంతకాలం ఆమె అనుకున్నదేమిటి? పేరు లేకపోతే పోయింది, పని నాది కదా అని. ఆ పని కూడా తనది కాదని ఇవాళ తెలిసింది. ఎవడో ఒక మాటంటే ఇంకొకడు ఒక్క నొక్కుతో చెరిపేశాడు. తన సొంతం అనుకున్నది తుడిచేసినా, ఇంట్లో ఒక్కరికీ ఏదో పోయిందని అనిపించలేదు. ఫోను మోగకపోతే గానీ!

"రాసినవి నీ దగ్గర ఉండే ఉంటాయిగా, మళ్ళీ ఎక్కించు," అన్నాడు భర్త, వెనకే వచ్చి. గొంతు కాస్త మెత్తబడింది. "సాయంత్రానికల్లా పైకి రావాలి."

"సాయంత్రానికా? విత్తు నాటి, అక్కడే కొడవలి పట్టుకుని నిలబడతారా? మళ్ళీ పైకి రావడానికి నెలలు పడుతుంది. ఎక్కిస్తేనే."

"ఎక్కిస్తేనే ఏంటి?"

"ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. కానీ నేను ఎక్కించను, ఇలాగైతే. పొద్దున పూట ఆ కంప్యూటరు గది నాది. తలుపు వేసుకుంటాను. కుక్కరెవరు చూస్తారో, బట్టలెవరు ఉతుకుతారో మీరూ మావయ్యగారూ మాట్లాడుకోండి. నన్నడక్కుండా ఒక్క అక్షరం ఎవరూ ముట్టుకోకూడదు, మీ స్నేహితుడితో సహా."

"అయ్యో రాత!" అంది అత్తగారు. మామగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, కోడలి వంక చూశారు. ఫోను మాత్రం నొక్కలేదు.

"సరే, సరే," అన్నాడు భర్త. "దీనికింత రభస ఎందుకు? షాపుకి టైమవుతోంది. సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆమె కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, దాని ముందున్న కుర్చీని ఆయన వైపు లాగింది.

"సాయంత్రం కాదు. కూర్చోండి. ముందు ఆ సైట్ మీద మీ ఫోటో తీసెయ్యండి. నాది పెట్టండి. నేను చూస్తుండగా. ఇప్పుడే."