పచ్చగీత

మిర్చి యార్డులో లాల్ అహ్మద్ చేసే పనికి నోటితో నిమిత్తం లేదు. తువ్వాలు కింద కొనేవాడి చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కితే ధర తేలిపోతుంది. వయసంతా ఆ బేరాల్లోనే గడిచిపోయింది. మిరప దుమ్ము మాత్రం గొంతులో కాపురం పెట్టింది. యార్డు మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. మానితే తినేదేమిటి?

అప్పుడే షావుకారు శేషగిరిరావు బ్రాడీపేటలో ఎగుమతుల ఆఫీసు తెరుస్తున్నాడు.

"ఏమయ్యా అహ్మదూ, ఫోన్లో పై దేశాలవాళ్లతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడగలిగితే అక్కడ నువ్వే కూర్చో" అన్నాడు.

దుమ్ములేని గది! లాల్ అహ్మద్‌కు ప్రాణం లేచి వచ్చింది.

యార్డు నుంచి నేరుగా ఇంటర్నెట్ సెంటరుకు పోయేవాడు. అక్కడ కంప్యూటర్లో దొరసాని పలికిన ఇంగ్లీషు మాట తిరిగి పలకాలి. కుదిరితే తెరమీద గీత పచ్చబడుతుంది, లేకపోతే ఎర్రగానే ఉంటుంది. పొద్దస్తమానం చూసిన ఎరుపు చాలదా అని అతనికి విసుగొచ్చేది. ఆ ఏసీ గదిలో అతని చొక్కా ఘాటుకు పక్కవాళ్లంతా తుమ్మేవాళ్లు.

"చాచా, కాస్త స్నానం చేసి, చొక్కా మార్చుకుని రండి. ఉన్న కస్టమర్లు కూడా పోతున్నారు" అంది సెంటరు నడిపే ఫిజా.

సిగ్గుపడ్డాడు గానీ మానలేదు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వేణ్ణీళ్లు తాగి వెళ్లాడు. కొన్నాళ్లకు గీత పచ్చబడింది. ఫిజా చప్పట్లు కొట్టింది. ఇంటికెళ్లి భార్య మాబూబీకి చెబుతుంటే అతని కళ్లు చెమర్చాయి.

షావుకారు పరీక్ష పెట్టింది మాత్రం యార్డులోని కొట్లో, బస్తాల మధ్య. కొత్త ఆఫీసుకి ఇంకా ఫోను రాలేదట. బయట కాయలు కుమ్మరిస్తున్నారు. లాల్ అహ్మద్ రిసీవరు అందుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ సర్, దిస్ ఈజ్..."

దగ్గు తెర ముంచుకొచ్చింది. అవతల మనిషి హలో, హలో అని పెట్టేశాడు.

"ముందా గొంతు బాగుచేయించుకోవయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడు షావుకారు, కోపం లేకుండానే.

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. లాల్ అహ్మద్‌కు ఏడుపు కూడా రాలేదు, అలసట వచ్చింది. తువ్వాలు దులుపుకుని బయటికొచ్చాడు. కొనేవాడొకడు అప్పటికే చెయ్యి చాచి నిలబడ్డాడు.

"ఏం భాయ్, మాట్లాడవేం?"

"ఇక్కడ మాటెందుకండీ" అని లాల్ అహ్మద్ ఆ చేతిమీద తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కాడు.