ధర్మవరం తెర మీద రెండో మనిషి

"అన్నా, మళ్ళీ తోసేసింది. కస్టమరు ముందరే. బిల్లు సగం కొట్టినా, తెర నల్లగయిపాయ."

స్పందన గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. హిందూపురం దుకాణంలో ఆమె చుట్టూ పెళ్ళిచీరలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళ మాటలు ఫోనులోంచి వినిపిస్తున్నాయి.

"ఏమని రాసింది?" అన్నాడు వాళ్ళ కంప్యూటర్లు చూసుకునే ఎర్రిస్వామి.

"ఇంకొకరు లోపలికొచ్చినారంట. ఎవరన్నా వాళ్ళు? ఈడ నేను తప్ప ఎవరూ లేరు."

"రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ట్రై చెయ్యమ్మా. చూస్తాండా."

చూస్తున్నానని చెప్పాడు కానీ చూడడానికి ఏమీ లేదు. ధర్మవరం కంప్యూటరు అతన్ని కూడా బయటికి తోసేసింది. తన పెనుకొండ మేడగదిలో ఖాళీ తెర ముందు కూర్చుని, ఆ తెరలో లీలగా కనిపిస్తున్న తన ముఖం నుంచి చూపు తిప్పుకున్నాడు.

హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య ఊరు కాబట్టి పెనుకొండలో గది తీసుకున్నానని అందరికీ చెప్పేవాడు. నిజానికి రెండు ఊళ్ళకూ దూరంగా ఉంటుందని తీసుకున్నాడు. మనుషుల ఎదుట కూర్చోవడం కంటే వాళ్ళ తెరల్లోకి వెళ్ళడం అతనికి సులువు. బాణం గుర్తు తడబడితే ఆ మనిషి కంగారుగా ఉన్నాడని, ఒకే చోట ఆగిపోతే ఎవరితోనో మాటల్లో పడ్డాడని తెలిసిపోయేది. తనను ఎవరూ చూడకుండా తాను చూడడంలో ఒక నెమ్మది ఉండేది. పది రోజులుగా అది లేదు. తనకు తెలియకుండా తనలాగే ఇంకెవరో ఆ కంప్యూటరులోకి వచ్చిపోతున్నారు.

ధర్మవరంలో పట్టుచీరల దుకాణం శ్రీనాథ్‌ది. ఈ మధ్యే హిందూపురంలో రెండో దుకాణం పెట్టి కూతురు స్పందనకు అప్పగించాడు. సరుకు లెక్కలన్నీ ధర్మవరం కంప్యూటరులోనే ఉంటాయి. స్పందన అక్కడి తెరను రిమోట్ డెస్క్‌టాప్‌తో తన బల్ల మీదికి తెచ్చుకుని బిల్లులు కొడుతుంది. ఆ ఏర్పాటు చేసింది ఎర్రిస్వామే.

శ్రీనాథ్ ఫోను వచ్చింది. "ఎవడో దూరినాడప్పా. యాడో ఒక ఆస్పత్రిలో కంప్యూటర్లన్నీ తాళమేసి దుడ్లు అడిగినారంట గదా, అట్లాంటోడే. మంచి సెక్యూరిటీ ఏదుంటే అది అన్ని మిషన్లకూ వేయించు. నీచేత కాదంటే చెప్పు, అనంతపురం కంప్యూటరోళ్ళు మా చుట్టూ తిరుగుతాండారు."

"అయితాది సార్. కొంచెం టైమియ్యండి."

అతని ముందు మూడు కంపెనీల వివరాలు ఉన్నాయి. వాటిని చదివినకొద్దీ కుదురు తప్పుతోంది. ప్రతి కంపెనీ ముందు ఒక భయాన్ని వర్ణించి, తరువాత దానికి మందు తన దగ్గరే ఉందంటుంది. ఒకటి పాత మిషన్లను కదలనివ్వదు. పోయినసారి అలాంటిదాన్నే బిల్లు ఆలస్యమవుతోందని శ్రీనాథ్ తానే ఆపేశాడు. రెండోది మనిషి ఏది నొక్కినా ప్రశ్న వేస్తుంది. దుకాణాల్లో ఎవరూ చదవరు, అన్నిటికీ అవునంటారు. మూడోది తేలిక. అన్ని మిషన్లనూ పెనుకొండ నుంచి ఒకే పేజీలో చూడొచ్చు. తప్పు పాస్‌వర్డు పదేపదే కొడితే ఆ ఖాతాను మూసేస్తుంది. మూడోదే సరైనదని తెలుసు. కానీ వస్తున్నది ఎవరో తెలియకుండా ఏ తలుపుకు తాళం వేయాలి?

రిమోట్ తిరిగి దొరికాక, ఆ కంప్యూటరులోకి ఎవరెవరు ఏ దారిన వచ్చారో నమోదయ్యే చోటు తెరిచాడు. బయటి చిరునామా ఒక్కటీ లేదు. స్పందన, తాను. మిగిలినవన్నీ ఆ మిషన్ ముందు కూర్చుని, అక్కడి కీబోర్డు మీదే కొట్టినవి.

ఊరట కలగాలి. కలగలేదు. ఎక్కడో ఉన్న దొంగకు ముఖం ఉండదు, వాడితో మాట్లాడే పని ఉండదు. ఈ మనిషికి ముఖం ఉంది. వెళ్ళి చూడాలి.

మరునాడు రైల్లో ధర్మవరం వెళ్ళాడు. పెట్టెలో కిటికీ పక్కన చోటున్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. శ్రీనాథ్ దుకాణంలో తెల్లటి పరుపుల మీద చీరలు పరిచి ఉన్నాయి. కంప్యూటరు వెనక గోడవారగా, కుంకుమ బొట్టుతో ఉంది. ఎర్రిస్వామి దాని పక్కన ఒక స్టూలు మీద కూర్చుని తన ల్యాప్‌టాప్ తెరుచుకున్నాడు.

శ్రీనాథ్ తండ్రి సుబ్బరాయుడు లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కీబోర్డును తాకి కళ్ళకద్దుకున్నాడు. "కదిరి నరసింహా!" అని దుకాణమంతా వినిపించేలా అని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అదే పేరు కొట్టాడు. తెర తెరుచుకుంది. చీర బేరమాడుతున్న ఒకావిడ బేరం ఆపి చేతులు జోడించింది.

ఎర్రిస్వామి జేబులో ఫోను మోగింది. "అన్నా, మళ్ళీ!" అంది స్పందన.

అతను జవాబు చెప్పేలోపే ఆమె హిందూపురంలో తిరిగి లోపలికి వచ్చినట్టుంది. సుబ్బరాయుడి ముందున్న తెర దానంతట అదే మూసుకుపోయి పాస్‌వర్డు అడిగింది.

"చూసినావా అప్పా, మళ్ళీ అడుగుతాంది," అన్నాడు ముసలాయన సంతోషంగా. "పొద్దున ఒకసారి తల్చుకుంటే సాలదు దీనికి. సాయంత్రం దాకా నాతో ఆ పేరు అనిపిస్తానే ఉంటాది. కదిరి నరసింహా!"

ఫోనులో స్పందన, "అన్నా, మళ్ళీ పోయ!" అని అరిచింది.

దుకాణం తెరిచేటప్పుడు చేత్తో రాసే మొదటి అక్షరాలు దేవుడి పేరే కావాలన్నది ఆ ఇంటి పద్ధతి. పుస్తకాలు పోయి కంప్యూటరు వచ్చాక రోజూ మొదట రాసేది పాస్‌వర్డు కాబట్టి దానికి ఇలవేల్పు పేరు పెట్టారు. అందరికీ అదే ఖాతా, అదే పేరు. ఆ మిషన్‌లో ఒకసారికి ఒక్కరికే చోటు. తాతా మనవరాలూ ఒకరికొకరు కనపడకుండా ఒకే కుర్చీలోంచి ఒకరినొకరు తోసేసుకుంటున్నారు.

బయటికి పిలిచి చెబితే శ్రీనాథ్ ముందు నవ్వాడు. తరువాత నవ్వు ఆగిపోయింది.

"ఆడ కూసోని ఏం చేస్తాడప్పా నాయన? ఉత్తగా చూస్తాడు. ఈయన్ని ఆడినుంచి లేపల్లంటే ఇంట్లో యుద్ధమే." కాసేపు వీధిలోకి చూశాడు. "పాత మిషన్ ఒకటి ఉండాది. దానికి నెట్టు వైరు తగిలించొద్దు. అదే పేరు పెట్టు. తెరుచుకుంటే సాలు. నిన్నటి లెక్క కనపడేట్ల చెయ్యి. ఆయనకేం తెల్సు? అది అయిపోనీ, ఏ సెక్యూరిటీ కొందామన్నా నీ మాటే, అన్నీ నువ్వే చూసుకో."

ఎర్రిస్వామి తల ఊపాడు. పని తేలిక, పైగా ఎవరికీ నొప్పి లేదు. పాత మిషన్ తుడిచి, బల్ల మీద పెట్టి, నిన్నటి అమ్మకాల పేజీ అందులో దించుతున్నంతసేపూ ఆ మాటే తనకు తాను చెప్పుకున్నాడు. చేతులు మాత్రం అవసరానికి మించి వేగంగా కదులుతున్నాయి.

సుబ్బరాయుడు కుర్చీ దగ్గరికి లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఏమప్పా."

"చెప్పండి పెద్దాయనా."

"మావాడు నిన్ను ఏం పెట్టమన్నాడో నేనడగను. ఒకటే అడుగుతా. దీంట్లో కనపడేవి ఈ పొద్దు అమ్మిన చీరలేనా?"

పెనుకొండ గదిలోనైతే ఇలాంటప్పుడు సిగ్నలు పోయిందనొచ్చు. ఇక్కడ ముసలాయన మోకాలు తన మోకాలికి తగులుతోంది. గల్లా దగ్గర శ్రీనాథ్ చీర మడత పెడుతూ, మడత పూర్తిచేయకుండా ఆగాడు. అవును అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటతో ఈ మనిషి రేపటి నుంచి ప్రాణం లేని తెర ముందు కూర్చుంటాడు, ఎప్పటికీ తెలియదు. తనకు తెలుస్తుంది. రోజూ తెలుస్తుంది.

"కాదు పెద్దాయనా. ఇవి నిన్నటివి. రేపు చూసినా నిన్నటివే ఉంటాయి."

"ఎర్రిస్వామీ!" అన్నాడు శ్రీనాథ్.

"వాన్ని అరవొద్దు," అన్నాడు తండ్రి. "నిన్నటివి నాకెందుకురా? యాల చూస్తానో, ఎందుకు చూస్తానో ఒకనాడన్నా అడిగినావా? ఎవురి చీర అమ్ముడు పోయిందని చూస్తా. బాలప్ప నేసింది పోతే సాయంత్రం వాని మగ్గం కాడికి పోయి, నీది పోయిందబ్బా, కడపోళ్ళు తీస్కపాయిరి అని చెప్తా. నెల దినాలు మగ్గం గుంతలో కూసోని నేసినోనికి అది యాడికి పోయిందో ఎవురు చెప్తారు? నీ బిల్లు చెప్తాదా?"

శ్రీనాథ్ మడత పూర్తిచేశాడు. ఆ మడతనే మళ్ళీ విప్పాడు.

"ఆయనకు వేరే ఖాతా పెడదాం సార్," అన్నాడు ఎర్రిస్వామి. "ఒకేసారి అందరూ పనిచేసుకునే సర్వరొకటి తీసుకోవాల. ఆయనది చూడ్డానికి మాత్రమే. స్పందన పాపను తోసేయదు. ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే. కానీ పెద్దాయనా, మీరు కొట్టేది నోటితో అనగూడదు. ఇప్పుడు బజారంతటికీ తెల్సు అది."

"దేవుని పేరు అనకుండా ఎట్ల రాసేది?"

"దేవుని పేరు గట్టిగా అనండి. కొట్టేది మాత్రం వేరేది కొట్టండి."

"నోట ఒకటి, చేత ఒకటా?"

"యాపారమే గదా నాయనా," అన్నాడు శ్రీనాథ్.

ముసలాయన కొడుకు వైపు చూశాడు. మీసం కింద పెదవి కొంచెం కదిలింది. అది నవ్వో కాదో ఎర్రిస్వామికి అంతుపట్టలేదు. మనుషుల ముఖాల మీద బాణం గుర్తు ఉండదు.

సర్వరు వచ్చింది. మూడో కంపెనీ సెక్యూరిటీని అన్ని మిషన్లకూ ఎక్కించాడు. సుబ్బరాయుడు తన పాస్‌వర్డు పెట్టుకునేటప్పుడు అందరినీ అవతలికి పొమ్మన్నాడు. ఎర్రిస్వామిని కూడా.

ఆ తరువాతి ఉదయం పెనుకొండలో అతని పేజీ మీద ఒక ఎర్ర గీత వెలిగింది. ధర్మవరం, సుబ్బరాయుడి ఖాతా, తప్పు పాస్‌వర్డు. మళ్ళీ తప్పు. మళ్ళీ. ఖాతా మూసుకుపోయింది. బయటి నుంచి ఎవడైనా ఊహించి కొడుతున్నా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. మూసినదాన్ని తెరిచాడు. మూడు తప్పుల తరువాత తిరిగి మూసుకుంది. మళ్ళీ తెరిచి, నిబంధనను కొంచెం వదులు చేశాడు. ఎంత వదులు చేస్తే అంత సందు అని తెలిసే చేశాడు. కూర్చోలేక గదిలో అటూ ఇటూ తిరిగాడు.

ఫోను మోగింది. సుబ్బరాయుడు.

"తెరుసుకోలేదప్పా."

"కంగారు పడొద్దు. ఏం కొడుతున్నారో చెప్పండి, నేను సరిచేస్తా."

"నీకు యాల చెప్తా? ఎవురికీ చెప్పొద్దంటివి గదా?"

ఎర్రిస్వామి కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. "సరే. నిదానంగా కొట్టండి. కీబోర్డు మీద గుండీ ఏదన్నా నొక్కుకుపోయిందేమో చూడండి. కాప్స్ లాక్ అని, ఎడం పక్క చిన్న దీపం వెలుగుతాందా?"

"వెలుగుతాంది. ఎవురు ముట్టించిరి దీన్ని?"

"దాన్ని ఒకసారి నొక్కండి."

అవతల గట్టిగా "కదిరి నరసింహా!" అన్నది వినిపించింది. తరువాత ఒక్కొక్క గుండీ చప్పుడు. ఎర్ర గీత పక్కన పచ్చ చుక్క వచ్చింది. ముసలాయన లోపలికి వెళ్ళాడు.

ఒక్క బటను నొక్కితే ఆయన చూస్తున్న తెర ఎర్రిస్వామికీ కనిపిస్తుంది. వేలు దాని మీదే ఉంది. ఏదో ఒకటి చూడకపోతే ఊపిరాడనట్టు ఉంది.

"వెంకటసుబ్బమ్మ నేసింది పోయింది," అన్నాడు సుబ్బరాయుడు ఫోనులో, అతనితో కాదు, తనలో తాను. "నీలం అంచుది. హిందూపురంలో అమ్మింది మా పిల్ల. పెట్టేయప్పా ఫోను, నాకు పనుండాది."

ఫోను ఆగిపోయింది. ఎర్రిస్వామి వేలు తీశాడు. తెర మీద సెక్యూరిటీ అడుగుతూనే ఉంది: ఈ ఖాతా తీరు అనుమానంగా ఉంది, ఆపాలా? వద్దని నొక్కాడు. అది ఒప్పుకోలేదు, కారణం రాయమంది. ఖాళీ గడిలో గీత మినుకుమినుకుమంటోంది. కాసేపు దాన్ని చూసి, ఏమీ రాయకుండా లేచి, ధర్మవరం వెళ్దామని చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. సగం దిగాక, కారణం రాయకపోతే ముసలాయన ఖాతా ఆగిపోతుందని గుర్తొచ్చి ఆగి, తిరిగి పైకెక్కాడు.