ముత్తాత మెడకింద పగులు

నీళ్ళలో వేలు ముంచి, గోరువెచ్చగా ఉన్నాయని నమ్మకం కుదిరాక గానీ ఒడీల్ ఆ గ్లాసు ముట్టుకోదు. ఏటా ఈస్టర్ భోజనానికి మాత్రమే బయటికి తీసే గ్లాసు. మందపాటి గాజు లోపల, భర్త ముత్తాత ముఖాన్ని తెల్లమట్టితో చేసి పొదిగారు. కాస్త వంచితే వెండిలా మెరుస్తుంది. అందులో వైన్ తాగేది మగవాళ్ళు, కడిగేది కోడళ్ళు.

ముత్తాత మెడకింద వెంట్రుకవాసి పగులు. ఒడీల్ కాపురానికొచ్చిన మొదటి ఈస్టర్‌కి అది బయటపడింది. "కొత్త కోడలు మరిగే నీళ్ళు పోసిందిరా" అంది అత్తగారు క్లెమాన్స్. తను పోయలేదు. కానీ ఇంటిల్లిపాదీ పోశావంటుంటే, పోశానేమోనని తనకే అనుమానం వచ్చింది. అప్పట్నుంచీ భర్త ఫెర్నాన్‌కి అదే పండగ వినోదం. గొర్రె తొడ కోస్తూ, "మా ఆవిడ చేతిలో ముత్తాత పీకే ఆగలేదు, ఇక నేనెంత!" అంటాడు. నవ్వకపోతే ఉడుక్కుందంటారని తనూ నవ్వేది. ఇరవై మూడేళ్ళు నవ్వింది. సూప్ గిన్నె దించినా, పసిబిడ్డని ఎత్తుకున్నా ఎవరో ఒకరు "జాగ్రత్త" అనేవారు. చివరికి తన చేతులంటే తనకే నమ్మకం పోయింది. పోయిన నెల ఊళ్ళో గాజు కార్ఖానావాళ్ళు సరుకు సర్దే పనికి పిలిస్తే, నావల్ల కాదని తనే చెప్పేసింది. మనసు మారితే ఈస్టర్ అయ్యాక మంగళవారం వచ్చెయ్యమన్నారు వాళ్ళు.

"ఒడీల్..." పక్కన తుడిచే గుడ్డ పట్టుకున్న అత్తగారు గొంతు తగ్గించింది. "ఆ పగులు నీది కాదే. నువ్వు రాకముందే నా చేతిలో అయింది. మీ మామగారి కోపం నీకు తెలియంది కాదు. మొన్న పాపసంకీర్తనలో ఫాదర్‌కి చెప్పుకుంటే, నాతో కాదు, వెళ్ళి ఆ కోడలితో చెప్పుకో అన్నారు. ఫెర్నాన్‌కి మాత్రం చెప్పకే, తల్లీ!"

ఒడీల్‌కి ఒళ్ళంతా మండిపోయింది. ఒక్క మాటతో ఇరవై మూడేళ్ళు నా చేతులు విరిచేశావే అనుకుంది. కానీ ఆ వంగిన భుజాలు చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. మొగుడికి భయపడి కోడలి మీదికి తోసింది సరే, ఆ భయం పెట్టిందెవరు? గ్లాసు తుడిచి భోజనాల బల్లమీద పెట్టింది.

అందరూ కూర్చున్నారు. ఫెర్నాన్ కత్తి అందుకున్నాడు. "మా ఆవిడ చేతిలో..."

అత్తగారు తల దించేసుకుంది. ఒడీల్ ఆ గ్లాసు నిండా వైన్ పోసుకుని, అందరూ చూస్తుండగా చివరి చుక్కదాకా తాగింది. ఖాళీ గ్లాసు భర్త చేతిలో పెట్టింది.

"ఈసారి మీరు కడగండి. మంగళవారం నుంచి నా చేతులకి కార్ఖానాలో పనుంది."